రెండో కేబులు పెట్టగానే నెట్టు ఎందుకు పోయింది?

కొంపల్లిలో మా అక్కావాళ్ళది డ్యూప్లెక్స్ ఇల్లు. హాల్లో ఒకటి, పైన రెండు పడగ్గదుల్లో రెండు, వెరసి మూడు వైర్‌లెస్ స్పీకర్లు. పొద్దున్నే కింద సుప్రభాతం పెడితే పైన కూడా అదే మాట అదే క్షణాన వినిపించాలని అక్క సరదా. హాల్లో స్పీకరు రౌటరుకి కేబులుతో కలిసి ఉంది. మిగతా రెండూ గాలిలోనే పాట అందుకుంటాయి. ఏడాదిగా బాగానే నడిచింది గానీ, పైగదిలో అప్పుడప్పుడు పాట తెగుతోందని ఓ ఆదివారం మా మేనల్లుడు నడుం కట్టాడు. ఇల్లు కట్టేటప్పుడు గోడల్లో లాగించిన నెట్‌వర్క్ కేబులు ఎటూ ఉంది. పైన బట్టల అల్మరాలో చిన్న స్విచ్చు ఒకటి పెట్టి, అందులోంచి స్పీకరుకి కేబులు తగిలించాడు.

"గాలి కంటే వైరు గట్టిది కదా మావయ్యా" అన్నాడు. నేనూ తలూపాను. తప్పులో నాకూ వాటా ఉందని చెప్పడానికే ఈ మాట.

అర నిమిషం అంతా బాగుంది. ఆ తర్వాత పాట ఆగింది. కింద బావ చూస్తున్న మ్యాచ్ గుండ్రంగా తిరుగుతూ నిలబడిపోయింది. వంటింట్లోంచి అక్క, "ఒరేయ్, ఫోన్లో ఏదీ రావట్లేదేంట్రా" అని కేకేసింది. వైఫై గుర్తు నిండుగానే ఉంది, నెట్టు మాత్రం లేదు. కంపెనీవాళ్ళకి ఫోన్ చేయబోయి, ఎందుకో అల్మరా తలుపు తీశాను. స్విచ్చు మీద పచ్చ దీపాలన్నీ ఒక్కసారిగా, ఒకే లయలో, కన్నార్పే వ్యవధి ఇవ్వకుండా కొట్టుకుంటున్నాయి. మామూలుగా అవి ఎవరి తీరున అవి మెరుస్తుంటాయి. స్పీకరు కేబులు పీకేశాను. ఒక్క సెకనులో దీపాలు నెమ్మదించాయి. కింద మ్యాచ్ కదిలింది.

మళ్ళీ పెట్టి చూశాం. మళ్ళీ అర నిమిషం, మళ్ళీ అదే కథ. పాట బాగా రావాలని వేసిన ఒక్క కేబులు ఇంటిల్లిపాది నెట్టుని ఎలా చంపింది? చంపేదేదో వెంటనే చంపక, అర నిమిషం ఎందుకు ఆగింది? ఈ రెండో ప్రశ్నలోనే అసలు గుట్టు ఉంది.

పందిట్లో మైకు కూత

శ్రీరామనవమి పందిట్లో మైకు పట్టుకున్నాయన నడుస్తూ నడుస్తూ స్పీకరు ముందుకొస్తే ఏమవుతుందో అందరికీ తెలుసు. కుయ్యిమని చెవులు చిల్లులు పడేలా కూత. మైకులోకి వెళ్ళిన చిన్న శబ్దం స్పీకర్లోంచి పెద్దదై వస్తుంది, అది మళ్ళీ మైకులోకి దూరుతుంది, ఇంకా పెద్దదై వస్తుంది. పాడేవాడు నోరు మూసుకున్నా కూత ఆగదు. మైకు పక్కకి తిప్పితేనే ఆగుతుంది.

మా అక్కావాళ్ళింట్లో జరిగింది ఆ కూతే. కాకపోతే చెవికి వినిపించని కూత. దాన్ని నెట్‌వర్క్‌వాళ్ళు బ్రాడ్‌కాస్ట్ స్టార్మ్ అంటారు, కేకల తుఫాను అనుకోండి.

ఇంట్లో ప్రతి పరికరమూ అప్పుడప్పుడు ఒక కేక వేస్తుంటుంది. ఫోను వైఫైలో చేరగానే "ఇక్కడ రౌటరు ఎవరు, నీ చిరునామా ఏంటి?" అని అడుగుతుంది. ప్రింటరు "నేనున్నాను" అంటుంది. ఒకరిని ఉద్దేశించినవి కావు గనక ఇవి అందరికీ అందాలి. ఊళ్ళో దండోరా లాంటివి. దండోరా వేసేవాడు ఊరు చివరిదాకా వెళ్ళి ఆగిపోతే ఏ గొడవా లేదు. ఊరి చివర బాట మళ్ళీ ఊరి మొదటికే తిరిగొస్తే? పైగా తాను ఈ వీధిలో ఇప్పటికే చాటానన్న సంగతి అతనికి గుర్తు లేకపోతే?

*— పెట్టెలో: స్విచ్చు ఏం చేస్తుంది? —*
*ఇది గోడ మీది లైటు స్విచ్చు కాదు. ఒక కేబులు లోపలికొస్తే ఐదుగురికో ఎనిమిదిమందికో పంచిపెట్టే చిన్న డబ్బా. తనకి వచ్చిన ప్రతి ప్యాకెట్ (సమాచారపు చిన్న మూట) మీదా పంపినవాడి చిరునామా చూసి, "వీడు ఈ వైపు ఉంటాడన్నమాట" అని గుర్తు పెట్టుకుంటుంది. రేపు వాడికి ఏదైనా వస్తే ఆ వైపే పంపుతుంది. ఎక్కడున్నాడో తెలియనివాడికి వచ్చినదాన్ని, అందరి కోసం వేసిన కేకనీ మాత్రం వచ్చిన వైపు తప్ప మిగతా అన్ని వైపులా వదిలేస్తుంది. దానికి అంతకు మించిన తెలివి లేదు. ఆ అమాయకత్వం వల్లే అంత చవగ్గా, అంత వేగంగా పనిచేస్తుంది.*

ఆయుష్షు లేని కవరు

ఇంటర్నెట్‌లో తిరిగే ప్రతి ఉత్తరానికీ ఆయుష్షు రాసి ఉంటుంది. చాలా పరికరాలు మొదట 64 అని వేస్తాయి. ఒక్కో రౌటరు దాటినప్పుడల్లా ఒకటి తగ్గుతుంది. సున్నా అయితే చించి పారేస్తారు. అందుకే దారితప్పిన ఉత్తరం లోకమంతా కలకాలం తిరగదు.

కానీ ఆ ఉత్తరాన్ని మన ఇంట్లో ఒక గది నుంచి ఇంకో గదికి మోసేది ఈథర్‌నెట్ అనే కవరు. ఆయుష్షు లోపలి ఉత్తరం మీద ఉంది, కవరు మీద లేదు. స్విచ్చు కవరు మాత్రమే చదువుతుంది. దారి గుండ్రంగా ఉంటే ఆ కవరు తిరుగుతూనే ఉంటుంది, కరెంటు పోయేదాకా.

కవరు మీద ఆయుష్షు ఎందుకు రాయలేదంటే, దాన్ని కనిపెట్టినప్పుడు ఆ అవసరం లేదు. 1973లో అమెరికాలో జిరాక్స్ పరిశోధనశాలలో రాబర్ట్ మెట్కాఫ్, డేవిడ్ బాగ్స్ దీన్ని తయారుచేసినప్పుడు ఉన్నది ఒకే పొడవాటి కేబులు. కంప్యూటర్లన్నీ దానికే వేలాడేవి. ఒక చివర మొదలైన మాట ఇంకో చివర ఆగిపోయేది. గుండ్రంగా తిరగడానికి దారే లేదు. కేబుళ్ళని ఒకదానికొకటి కలిపే డబ్బాలు ఆ తర్వాత వచ్చాయి, వాటితోపాటే ఈ తలనొప్పీ వచ్చింది.

సెకనుకి 100 మెగాబిట్లు మోసే మామూలు కేబులు మీద అతి చిన్న ప్యాకెట్లు సెకనుకి దాదాపు 1,48,800 పోగలవు. గిగాబిట్ కేబులైతే అంతకు పదింతలు. ఒక్క వలయం ఉంటే ఒక్కో కేక రెండు ప్రతులుగా, ఒకటి కుడినుంచి ఇంకొకటి ఎడమనుంచి, ఆగకుండా తిరుగుతుంది. కొత్తగా వేసిన ప్రతి కేకా పాతవాటితో కలుస్తుంది. రెండు మూడు వలయాలు ఒకదానికొకటి ముడిపడి ఉంటే ప్రతి కూడలిలో కేక మరిన్ని ప్రతులుగా చీలుతుంది. అప్పుడు సెకన్లలోనే కేబులు కిక్కిరిసిపోతుంది.

ఇక గాలిలో పరిస్థితి ఇంకా అన్యాయం. వైఫైలో ఒకరికి పంపే ప్యాకెట్ వాళ్ళు అందుకోగలిగినంత వేగంగా వెళ్తుంది. అందరి కోసం వేసే కేక మాత్రం, అందరికంటే వెనకబడినవాడికి కూడా వినిపించాలి గనక, అతి నిదానంగా పలకాలి. కొన్ని రౌటర్లలో ఆ వేగం సెకనుకి 1 మెగాబిట్ మాత్రమే. అంటే ఇరుకు సందులో ఎడ్లబండ్లు వరసకట్టినట్టు. వాటి వెనక బావ మ్యాచ్ కారులా హారను కొట్టుకుంటూ ఆగిపోయింది. అదీగాక ప్రతి కేకనీ ఇంట్లో ప్రతి పరికరమూ ఆగి వినాలి, తనకి కాదని తేల్చుకోవాలి. కంప్యూటరు తట్టుకుంటుంది. ప్రింటరు, డోర్‌బెల్, టీవీ డబ్బా లాంటి చిన్న బుర్రలు ఆ హోరుకే బిగుసుకుపోతాయి. వైఫై గుర్తు నిండుగా ఉండి కూడా ఏదీ రాకపోవడానికి కారణం ఇది. సిగ్నలు బాగానే ఉంది, అందులో ఖాళీయే లేదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఒకే ఫోను కేక స్విచ్చుకి ఓసారి కుడినుంచి, ఓసారి ఎడమనుంచి వస్తుంటే, ఆ ఫోను ఏ వైపుందో స్విచ్చు క్షణానికోసారి మార్చి రాసుకుంటుంది. అప్పుడు కేకలే కాదు, సరైన ఉత్తరాలు కూడా తప్పు గడపకి పోతాయి.

వలయం ఎక్కడుంది?

మేనల్లుడికి ఇది చెబితే, "కానీ మావయ్యా, నేను వేసింది ఒక్క కేబులే. రౌటరు నుంచి స్విచ్చు, స్విచ్చు నుంచి స్పీకరు. గుండ్రం ఏదీ?" అన్నాడు.

గుండ్రం కంటికి కనబడదు. కొన్ని రకాల వైర్‌లెస్ స్పీకర్లు పాట వినిపించి ఊరుకోవు. ఒకదానికొకటి రేడియోతో చేతులు పట్టుకుని సొంత నెట్‌వర్కు అల్లుకుంటాయి, తమలోంచి వేరేవాళ్ళ ప్యాకెట్లని కూడా దాటిస్తాయి. ఈ పద్ధతిని జనంలోకి తెచ్చినవాళ్ళలో సోనోస్ ఒకటి. 2002లో కాలిఫోర్నియాలోని శాంటా బార్బరాలో పుట్టిన ఆ కంపెనీ 2005లో మొదటి పరికరం అమ్మేనాటికి ఇళ్ళలో వైఫై ఇంకా నత్తనడక. దాన్ని నమ్ముకుంటే పాట తెగుతుందని సోనోస్‌నెట్ అనే సొంత అల్లిక పెట్టుకున్నారు. ఒక్క పరికరం రౌటరుకి కేబులుతో కలిస్తే చాలు, మిగతావి దాని చేయి పట్టుకుంటాయి. ఇళ్ళలో మంచి వైఫై వచ్చాక ఈ అవసరం తగ్గింది. ఎరా 100 లాంటి కొత్త మోడళ్ళలో ఆ అల్లిక లేదు.

అంటే ఇలాంటి ప్రతి స్పీకరు లోపలా చిన్న స్విచ్చు దాక్కుని ఉంటుంది. దాని ఒక కాలు కేబులు, ఇంకో కాలు రేడియో. హాల్లో స్పీకరు కేబులుతో రౌటరుకి కలిసింది. పైగది స్పీకరు రేడియోతో హాల్లోదానికి కలిసింది. ఇప్పుడు పైదానికి కేబులు తగిలిస్తే రౌటరు, హాల్లో స్పీకరు, గాలి, పైగది స్పీకరు, అల్మరాలో స్విచ్చు, మళ్ళీ రౌటరు. వలయం పూర్తయింది. అందులో ఒక భాగం గాలిలో ఉండటంతో మనకి కనబడలేదు.

కొమ్మలు మళ్ళీ కలవని చెట్టు

ఈ సంగతి స్పీకర్లు చేసేవాళ్ళకి తెలియదా అంటే, తెలుసు. దీనికి మందు 1985లోనే వచ్చింది. అమెరికాలో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్‌లో పనిచేస్తున్న రేడియా పెర్ల్‌మన్ అనే ఇంజనీరు కనిపెట్టారు. పేరు స్పానింగ్ ట్రీ, పొట్టిగా ఎస్‌టీపీ. దాన్ని వివరిస్తూ, జాయిస్ కిల్మర్ రాసిన ప్రసిద్ధమైన చెట్టు కవిత ధోరణిలో ఆవిడే ఒక కవిత కూడా రాశారు. ఇంజనీర్లు ఇప్పటికీ ముచ్చటగా చెప్పుకుంటారు దాని గురించి.

ఆలోచన ఎంత తేలికో చూడండి. చెట్టుకి కొమ్మలు విడిపోతాయి గానీ మళ్ళీ ఒకదాంట్లో ఒకటి కలవవు. (మర్రి ఊడల సంగతి వదిలేయండి.) కాబట్టి చెట్టు మీద ఒక ఆకు నుంచి ఇంకో ఆకుకి ఎప్పుడూ ఒకటే దారి. నెట్‌వర్కులో కేబుళ్ళు ఎన్నైనా ఉండనీ, వాటిలో చెట్టు ఆకారానికి సరిపడేవి మాత్రం తెరిచి మిగతావి మూసి ఉంచితే కేక తిరగడానికి చోటే ఉండదు. మూసినవి వృథా కావు. తెరిచిన దారి ఎప్పుడైనా తెగితే అవి తెరుచుకుంటాయి.

ఏది మూయాలో ఎవరు చెప్పాలి? అవే తేల్చుకుంటాయి. ముందు ఒక పెద్దని ఎన్నుకుంటాయి. ప్రతి డబ్బాకీ ప్రాధాన్య సంఖ్య ఉంటుంది. అందరికంటే చిన్న సంఖ్య ఉన్నది వేరు అవుతుంది, చెట్టుకి మొదలన్నమాట. ఆ పెద్ద ప్రతి 2 సెకన్లకీ "నేనిక్కడున్నాను" అని చిన్న కబురు పంపుతుంది. కబురు ఏ దారిన ఎంత ఖర్చుతో అందిందో ప్రతివాడూ చూసుకుంటాడు. ఒకే పెద్ద కబురు రెండు వైపులనుంచి వచ్చిందంటే వలయం ఉన్నట్టే. అప్పుడు ఖరీదైన దారిని మూసేస్తాడు.

ఆ అర నిమిషం

ఎస్‌టీపీ తెలిసిన పరికరానికి కొత్తగా కేబులు తగిలిస్తే వెంటనే తలుపు తీయదు. ప్రమాణం ప్రకారం 15 సెకన్లు చెవి ఒగ్గి వింటుంది, మరో 15 సెకన్లు అటువైపు ఎవరున్నారో నేర్చుకుంటుంది. 15, 15 కలిపితే 30.

అదీ అర నిమిషం! మా అక్కావాళ్ళ పైగది స్పీకరుకి ఎస్‌టీపీ తెలుసు, అది తన బాధ్యత తాను నిర్వర్తించింది. అటునుంచి పెద్ద కబురు వస్తుందేమోనని ముప్పై సెకన్లూ చెవి ఒగ్గి కూర్చుంది. రాలేదు. అటువైపు వలయం లేదనుకుని తలుపు తీసింది. తీసిన క్షణంలో తుఫాను.

కబురు ఎందుకు రాలేదంటే, మధ్యలో అల్మరా స్విచ్చు దాన్ని మింగేసింది. ఈ కబుర్లకి ప్రత్యేకమైన చిరునామా ఒకటి కేటాయించారు. ఆ చిరునామాతో వచ్చినదాన్ని చదువుకోవాలే తప్ప ముందుకి పంపకూడదని నియమం. ఎస్‌టీపీ తెలిసిన స్విచ్చు దాన్ని చదివి, లెక్క వేసి, తన మాటగా కొత్త కబురు రాసి పంపుతుంది. ఏమీ తెలియని చవక స్విచ్చుల్లో చాలావరకు దాన్నీ మామూలు కేకే అనుకుని అటు పంపేస్తాయి. విచిత్రంగా ఆ అజ్ఞానం మనకి మేలే, కబురు చేరుతుంది. చిక్కంతా మూడో రకంతోనే. నియమం సగం తెలిసిన స్విచ్చు అది. చదవదు, పంపదు. కబుర్లు మింగేసి, కేకలు మాత్రం దాటిస్తుంది. అల్మరాలోది ఆ రకం.

*— పెట్టెలో: కిలోలు, గ్రాములు —*
*తుఫాను రాకుండానే నెట్టు ఈసురోమనే ఇళ్ళు ఉంటాయి. అక్కడ తగాదా కొలతల్లో. ఎస్‌టీపీ పాత పట్టికలో గిగాబిట్ దారి ఖర్చు 4, 100 మెగాబిట్లది 19. తర్వాత వచ్చిన వేగవంతమైన రూపం ఆర్‌ఎస్‌టీపీ కొత్త పట్టికలో గిగాబిట్‌కి 20,000. పాత పట్టిక చదివే స్పీకరుకి కొత్త పట్టిక వాడే స్విచ్చు "నా దారి ఖర్చు 20,000" అని చెబితే ఏమనుకుంటుంది? బెండకాయల బరువు కిలోల్లో అడిగితే గ్రాముల్లో జవాబు చెప్పినట్టు. అమ్మో ఇంత ఖరీదా అని, బంగారం లాంటి కేబులు మూసేసి గాలి దారినే తెరుస్తుంది. ఇంట్లో సగం రద్దీ ఆ చిన్న స్పీకరు రేడియో మీదుగా పాకుతుంటుంది. సెట్టింగులు మార్చగల స్విచ్చులైతే ఆర్‌ఎస్‌టీపీ నుంచి పాత ఎస్‌టీపీకి మార్చమని అనుభవజ్ఞులు చెప్పేది అందుకే.*

ఈ తుఫాను ఇళ్ళలోనే జరిగే చిల్లర గొడవ అనుకోకండి. 2002 నవంబరులో బోస్టన్‌లో బెత్ ఇజ్రాయెల్ డీకొనెస్ అనే పెద్ద ఆసుపత్రి నెట్‌వర్కు దాదాపు నాలుగు రోజులు పడకేసింది. ఎస్‌టీపీ చెట్టుకి సిఫార్సు చేసిన హద్దు 7 మజిలీలు. ఏళ్ళ తరబడి స్విచ్చుల్ని ఒకదాని పక్కన ఒకటి కలుపుకుంటూ పోయి అక్కడివాళ్ళు ఆ హద్దు దాటేశారు, దాంతో చెట్టు లెక్క తప్పింది. డాక్టర్లు, నర్సులు కాగితం, కలం పట్టుకుని పరుగులు తీశారు. ఆసుపత్రి సమాచార విభాగం అధిపతి జాన్ హలమ్కా దాచుకోకుండా అంతా బయటికి చెప్పడంతో ఆ కథ ఇంజనీర్లకి పాఠమైంది.

మరి ఏం చేయాలి?

అన్నిటికంటే సులువైనది ముందు చెబుతాను. ఇలా అల్లుకునే స్పీకర్లు ఎన్ని ఉన్నా ఒక్కదానికే కేబులు ఇవ్వండి. వలయం కావాలంటే కేబులుకి చేరే కాళ్ళు రెండుండాలి. ఒక్కటే ఉంటే గొడవే రాదు. చాలా ఇళ్ళకి ఇది చాలు.

గది గదికీ కేబులు ఉంది, వాడుకోవాలి అనుకుంటే ఇంకో కొసకి వెళ్ళండి. అన్నిటికీ కేబులు ఇచ్చి, ప్రతి స్పీకరులోనూ వైఫై ఆపేయండి. సెట్టింగుల్లో ఆ వీలు ఉంటుంది. రేడియో కాలు తీసేస్తే వలయం తెగినట్టే, అల్మరా స్విచ్చు ఏ రకమైనా బాధ లేదు. ఒక్క జాగ్రత్త. టీవీ కింద సౌండ్‌బారు, దాని వెనక వైర్‌లెస్ తోడు స్పీకర్లు ఉంటే సౌండ్‌బారు వైఫై ఆపకండి. తోడువి మూగపోతాయి. సగం వైర్లు, సగం గాలి అన్నదే ప్రమాదకరమైన చోటు. దురదృష్టం ఏమిటంటే చాలామంది ఆగేదీ అక్కడే.

పాత మోడళ్ళలో కొన్నిటికి వెనక రెండు కేబులు సాకెట్లు ఉంటాయి. రెండోది ఇంకో పరికరానికి దారి ఇవ్వడానికి. "రెండూ పెడితే డబుల్ స్పీడు" అనుకుని రెంటినీ ఒకే స్విచ్చుకి పెట్టినవాళ్ళు నాకు తెలుసు. అది అచ్చమైన రాగి వలయం, గాలి వలయం కంటే ఉధృతం.

స్విచ్చుల్ని గొలుసులా ఒకదాని తోక ఇంకొకటి పట్టుకునేలా పెట్టకుండా, రౌటరు దగ్గర ఒక మంచి స్విచ్చు పెట్టి గదులన్నిటికీ అక్కడినుంచే కేబుళ్ళు పంచడం మేలు. సెట్టింగులు ఉన్న స్విచ్చు కొంటే అందులో మూడు పనులు చేయించండి: ఎస్‌టీపీ ఆన్ చేయడం, దాని ప్రాధాన్య సంఖ్యని 4096కి దించడం, తుఫాను అదుపు అనే సెట్టింగు ఉంటే అది పెట్టడం. రెండోది ముఖ్యం. చాలావాటికి మామూలుగా ఉండే సంఖ్య 32768. అలాగే వదిలేస్తే సంఖ్యలు సమానమై, కంపెనీ వేసిన క్రమసంఖ్య చిన్నదైనవాడు పెద్ద అవుతాడు. పడగ్గదిలో ఓ మూలనున్న స్పీకరు ఇంటి నెట్‌వర్కుకి పెద్దమనిషి అవడం నేను చూశాను. దాని ప్లగ్గు పీకి ఇస్త్రీపెట్టె పెట్టుకుంటే ఇల్లంతా మళ్ళీ ఎన్నికలు, 30 నుంచి 50 సెకన్లు మౌనం. ఇన్వర్టరు ఉన్న ఇళ్ళలో రౌటరు, ఫైబరు డబ్బా, ప్రధాన స్విచ్చు మూడూ దాని మీదే ఉండాలనేది ఇందుకే.

మెష్ రౌటర్లు కొన్నవాళ్ళూ ఇది గమనించాలి. అవీ గాలిలో చేతులు పట్టుకునేవే. కేబులు కూడా ఇస్తే గాలి దారి తామే మూసుకోవాలి, మంచివి మూసుకుంటాయి. మధ్యలో కబుర్లు మింగే స్విచ్చు ఉంటే అక్కడా ఇదే కథ.

అనుమానం వస్తే పరీక్షకి పరికరాలేవీ అక్కర్లేదు. స్విచ్చు దీపాలు చూడండి. అన్నీ ఒకే ఊపున కొట్టుకుంటుంటే ఒక్కో కేబులే పీకుతూ రండి. ఏది పీకగానే సెకనులో సద్దుమణిగిందో అదే వలయంలో ఉంది. ఒక సెకనులో సద్దుమణగకపోతే జబ్బు వేరే.

మేనల్లుడు చివరికి రెండో మార్గమే ఎంచుకున్నాడు. మూడు స్పీకర్లకీ కేబుళ్ళు, మూడింట్లోనూ వైఫై ఆపు. ఏ కేబులు ఎక్కడికి వెళ్తుందో కాగితం మీద బొమ్మ గీసి అల్మరా తలుపు లోపల అంటించాడు. చివరి కేబులు తగిలించి ఇద్దరం స్విచ్చు ముందు గొంతుకూర్చున్నాం. వాడు పైకే లెక్కపెట్టాడు. ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది, ముప్పై. దీపాలు ఎవరి తీరున అవి మెరుస్తున్నాయి. ముప్పై అయిదు దాకా లెక్కపెట్టి ఆపాడు. కిందనుంచి అక్క గొంతు: "ఒరేయ్, బట్టల అల్మరాలో ఆ డబ్బా ఇంకెన్నాళ్ళురా? నా పట్టుచీరలు ఎక్కడ పెట్టుకోను?"